ఒక్క నట్టు, 43 గంటలు

మొనాకో. 2021 మే 23. ఆదివారం మధ్యాహ్నం.

రేసుకి ఇంకా టైముంది. కార్లు గ్యారేజీల్లోంచి ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. ఊరి వీధులకే ఇనుప కంచెలు కట్టి ట్రాక్‌గా మార్చిన 3.337 కిలోమీటర్ల దారి అది. ఓ చుట్టు తిరిగి, స్టార్టింగ్ గీత దగ్గర ఎవరి గళ్లలో వాళ్లు నిలబడాలి. మొట్టమొదటి గడి ఎర్ర కారుది. ఫెరారీ. స్టీరింగ్ పట్టుకున్నది షార్ల్ లెక్లెర్. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. ఫార్ములా వన్‌లోకి వచ్చాక సొంతూరి రేసుని ఒక్కసారి కూడా ఆఖరి గీత దాకా లాగలేకపోయాడు. ఇవాళ అందరికంటే ముందు నిలబడబోతున్నాడు.  కొండెక్కే దారిలోకి తిప్పాడు. కారు ఎడమ వైపున, చక్రానికి లోపల, ఏదో పోయింది.

ముందురోజే ఒక గండం గడిచింది. శనివారం, గడుల వరస తేల్చే క్వాలిఫయింగ్ ఆఖరి క్షణాల్లో, స్విమ్మింగ్ పూల్ పక్క మలుపులో లెక్లెర్ లోపలి కంచెని గీకి, నేరుగా ఎదుటి గోడకి కొట్టాడు. ఎర్ర జెండాలు లేచాయి. సెషన్ అక్కడితో సరి. అప్పటికే అందరికంటే వేగంగా తిరిగేసి ఉన్నాడు కాబట్టి కారు నుజ్జయినా మొదటి గడి మాత్రం మిగిలింది. ఫెరారీ వాళ్లు గేర్‌బాక్స్ పరీక్షించారు. పనికొస్తుందన్నారు. నిజంగానే పనికొచ్చింది. ఇంజిన్ బలాన్ని చక్రానికి అందించే షాఫ్టు చివర ఉండే హబ్, అదీ ఎడమ వైపుది, అది పనికిరాలేదు. కారు ఈడ్చుకుంటూ గ్యారేజీకొచ్చింది. మెకానిక్‌లు చుట్టుముట్టారు. విప్పి బిగించేంత టైము లేదు. మూడు గంటలకి రేసు లైట్లు వెలిగి ఆరినప్పుడు మొదటి గడి బోసిగా ఉంది.

సరిగ్గా దాని వెనక గడిలో నల్ల రంగు మెర్సిడెస్. అందులో వాల్టెరి బొటాస్. ఫిన్‌లాండ్ వాడు. వయసు 31. నిన్నటిదాకా ముందు ఇద్దరున్నారు. ఇప్పుడు ఒక్కడే, పక్క గడిలోని మాక్స్ వెర్‌స్టాపెన్. బొటాస్ ఎదురుగా దారి ఖాళీ.

లైట్లు ఆరాయి. వెర్‌స్టాపెన్ ముక్కుసూటిగా పోలేదు. రోడ్డుకి అడ్డంగా కోసి బొటాస్ ముందుకొచ్చి పడ్డాడు. ఖాళీ దారి మూసుకుపోయింది. మొదటి మలుపులో ముందు వెర్‌స్టాపెన్, వెనక బొటాస్. ఇంకా 78 చుట్లు.

మొనాకోలో రెండో స్థానం ఇతర చోట్ల రెండో స్థానం లాంటిది కాదు. వీధులు ఇరుకు. ఒక కారు వెడల్పు రెండు మీటర్లు. ముందున్నవాడు తప్పు చేస్తే తప్ప వెనకున్నవాడికి దారి దొరకదు. 1929 నుంచీ ఈ వీధుల్లోనే పోటీ. కార్లు మాత్రం అప్పటికంటే పొడుగయ్యాయి, వెడల్పయ్యాయి. కరోనా వల్ల 2020లో ఈ రేసు అసలు జరగనే లేదు. 1954 తర్వాత మొనాకో గ్రాండ్ ప్రీ లేని మొదటి ఏడాది అదే. ఈసారీ జనం పల్చగానే ఉన్నారు. రోజుకి 7,500 మందికి మించి రానివ్వలేదు. రేవులో పడవలు, కొండ మీద మేడలు, మధ్యలో ఆ గర్జన. ముందువాణ్ని రోడ్డు మీద దాటలేకపోతే దాటడానికి ఇంకొక్క చోటే ఉంది. ఆ చోట పోటీ డ్రైవర్ల మధ్య కాదు.

అది పిట్ లేన్. కార్లు ఆగి టైర్లు మార్చుకునే చోటు.

ఓ ఇరవై మంది. ఒక్కో చక్రానికి ముగ్గురు. ఒకడి చేతిలో నట్టు విప్పే గన్. ఒకడు పాత చక్రం లాగేవాడు. ఇంకొకడు కొత్తది తొడిగేవాడు. ముందొక జాకీ, వెనకొక జాకీ, కారు ఊగకుండా పక్కల పట్టుకునేవాళ్లు. పిట్ లేన్ పరిమితి గంటకి 60 కిలోమీటర్లు. ఆ వేగంతో వచ్చే కారు నేల మీద గీసిన గీతల మధ్య ఆగాలి. అది పూర్తిగా ఆగక ముందే నాలుగు గన్‌లు నాలుగు నట్ల మీదికి వాలతాయి. విప్పు, లాగు, తొడుగు, బిగించు. అంతా కలిపి రెండు, రెండున్నర సెకన్లు. 2019లో బ్రెజిల్‌లో రెడ్ బుల్ వాళ్లు 1.82 సెకన్లలో ముగించారు. అప్పటికి రికార్డు అదే. ఆ రెడ్ బుల్ కారే ఇప్పుడు బొటాస్ ముందుంది.

ఇంత వేగం ఎలా కుదిరిందంటే, చక్రానికి నట్టు ఒక్కటే కాబట్టి. మన కార్లకి నాలుగో అయిదో ఉంటాయి. పంక్చర్ పడితే రోడ్డు పక్కన పానా మీద కాలేసి తొక్కి, ఒక్కొక్కటే విప్పుకుంటాం. ఇక్కడ చక్రం నడుమ ఒకే ఒక్క పెద్ద నట్టు. చుట్టూ పళ్లు. గన్ మూతికి లోపల ఆ పళ్లకి సరిపోయే గాడి. గాలి ఒత్తిడితో గన్ తిరుగుతుంది. మన చిన్న కారు నట్టుకి సుమారు 100 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. ఈ గన్‌లు వేలల్లో బలం పెడతాయి. నట్టు మాత్రం తేలికైనది. అల్యూమినియం మిశ్రమ లోహం. బరువు తగ్గాలి, టైము తగ్గాలి, అందుకని. అంత బలం, అంత మెత్తటి లోహం మీద. పళ్లు గాడిలో కుదిరినంతసేపే ఆ స్నేహం.

ఇరవై చుట్లు దాటాయి. వెర్‌స్టాపెన్ మెల్లగా జారుకుపోతున్నాడు. బొటాస్ టైర్లు నీరసపడుతున్నాయి. వెనక అద్దంలో ఇంకో ఎర్ర కారు పెద్దదవుతోంది. కార్లోస్ సైన్జ్. లెక్లెర్ పోయాక ఫెరారీకి మిగిలిన ఒకే ఒక్క ఆశ.

బొటాస్‌కి ఈ రేసు ఎందుకంత ముఖ్యమో కొంచెం చెప్పుకోవాలి. 2017లో మెర్సిడెస్‌కి వచ్చాడు. పక్క కారులో లూయిస్ హామిల్టన్. ఇన్నేళ్లలో బొటాస్ తొమ్మిది రేసులు గెలిచాడు, ఒప్పందాలు మాత్రం ఏడాదికొకసారి పొడిగించుకుంటూ నెట్టుకొస్తున్నాడు. అతని కుర్చీ మీద కన్నేసిన కుర్రాడొకడున్నాడు. జార్జ్ రసెల్. 2020 డిసెంబరులో హామిల్టన్‌కి కరోనా వస్తే, బహ్రెయిన్‌లో ఆ కారు రసెల్‌కిచ్చారు. వచ్చీ రావడంతోనే బొటాస్‌ని దాటి ముందుకెళ్లాడు. ఆ రేసులోనే పిట్ స్టాప్ గందరగోళమైంది. కబురు సరిగ్గా అందక, బొటాస్ టైర్లు తీసుకెళ్లి రసెల్ కారుకి తొడిగేశారు. వెనకే వచ్చిన బొటాస్‌ని 27 సెకన్లు నిలబెట్టి, పాత టైర్లే మళ్లీ బిగించి పంపారు. ఈ ఏడాది ఏప్రిల్‌లో ఇమోలాలో అదే రసెల్, అదే బొటాస్ ఒకరినొకరు గుద్దుకున్నారు. పిట్ స్టాప్‌లో ఇంతకంటే ఘోరం ఏం జరుగుతుందని బొటాస్ అనుకుని ఉంటే, ఆ సమాధానం ఇంకొన్ని నిమిషాల దూరంలో ఉంది.

29వ చుట్టు. మెర్సిడెస్ ముందుగా హామిల్టన్‌ని పిలిచింది. అతను ఏడో గడిలో మొదలై ఇంకా ముందున్న కారు వెనకే ఇరుక్కున్నాడు. తొందరగా టైర్లు మార్చుకుని దాటేద్దామని ఎత్తు. పిట్ స్టాప్ సజావుగానే జరిగింది. ఎత్తు మాత్రం పారలేదు. అతని కంటే ఆలస్యంగా ఆగినవాళ్లే అతని ముందుకొచ్చారు.

30వ చుట్టు. ఇప్పుడు బొటాస్ వంతు.

రాస్కాస్ మలుపు తిరిగి కారు పిట్ లేన్‌లోకి దూరింది. స్పీడ్ లిమిటర్ నొక్కగానే ఇంజిన్ గొంతు పట్టేసినట్టు తడబడింది. గ్యారేజీ ముందు ఇరవై మంది మోకాళ్ల మీద. నెత్తిన హెల్మెట్లు, చేతుల్లో గన్‌లు, కొత్త టైర్లు. కారు వచ్చింది. ఆగింది. జాకీలు లేపాయి. నాలుగు గన్‌లు ఒక్కసారిగా రోదించాయి. మూడు చక్రాలు ఊడాయి. మూడు చక్రాలు ఎక్కాయి. ముందు కుడి చక్రం దగ్గర మాత్రం గన్ గొంతు తేడాగా వినిపించింది.

నట్టు విప్పే గన్ మోత అలవాటైన చెవికి వెంటనే తెలుస్తుంది. మొదట భారంగా ఒక దెబ్బ, తర్వాత తేలికగా జర్రుమని తిరుగుడు. ఇక్కడ ఆ భారం లేదు. ఉన్నది ఉత్త తిరుగుడు. గన్ తిరుగుతోంది, నట్టు తిరగడం లేదు.

మెకానిక్ గన్ వెనక్కి లాగాడు. మళ్లీ పెట్టాడు. నొక్కాడు. జర్రుమంది. చక్రం పట్టుకున్నవాడు లాగి చూశాడు. కదల్లేదు. మళ్లీ గన్. మళ్లీ అదే మోత. రెండు సెకన్లు దాటాయి. అయిదు. పది. పిట్ లేన్‌లో పది సెకన్లంటే పంచాంగం చూసుకోవచ్చు. మిగిలిన మూడు చక్రాల వాళ్లు తమ పని ముగించి చేతులెత్తి నిలబడ్డారు. జాకీ మీద కారు గాల్లో ఉంది. కాక్‌పిట్‌లో బొటాస్ కళ్లు ముందుకే. ట్రాక్ మీద సైన్జ్ ఆ పక్కనుంచి దూసుకుపోయాడు. తర్వాత లాండో నోరిస్. గన్ ఇంకా తిరుగుతూనే ఉంది. ప్రతి తిరుగుడూ పరిస్థితిని ఇంకొంచెం దిగజారుస్తోంది.

జరిగింది ఇది. గన్ నట్టు మీద నిటారుగా కూర్చోలేదు. వెంట్రుకవాసి వంకర. ఆ వంకరలో గన్ పళ్లు నట్టు పళ్లని పూర్తిగా పట్టుకోక, అంచుల్ని మాత్రమే పట్టుకున్నాయి. బలం వేలల్లో. లోహం మెత్తన. మొదటి తిరుగుడుకే అంచులు తెగాయి. రెండో తిరుగుడుకి పట్టుకునేందుకు ఇంకా తక్కువ మిగిలింది. మూడో తిరుగుడుకి ఇంకా తక్కువ. విప్పడానికి పట్టిన పనిముట్టే లేత్ మిషన్‌లా మారి నట్టుని చెక్కేసింది. మెర్సిడెస్ సాంకేతిక విభాగాన్ని నడిపిన జేమ్స్ ఆలిసన్ తర్వాత దీన్ని వివరించడానికి ఇంట్లో ఉండే స్క్రూడ్రైవర్‌నే ఉదాహరణగా తీసుకున్నాడు. నాలుగు గాళ్ల స్క్రూలో స్క్రూడ్రైవర్ సరిగ్గా దిగకుండా తిప్పితే గాళ్లన్నీ చెదిరి గుండ్రటి గుంట మిగులుతుంది కదా, అదీ సంగతి.

ఇలాంటి నట్టు మన ఊళ్లో ఏ మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లినా దానికో వైద్యం ఉంటుంది. మూలలు అరిగి గుండ్రమైన నట్టు వాళ్లకి కొత్త కాదు. ముందు వాడు వేసిన పానా సైజు తేడా, లేదంటే టైరు షాపులో కుర్రాడు మర కుదిరిందో లేదో చేత్తో చూడకుండా గన్‌తోనే బిగించేసిన ఫలితం. పెద్ద మెకానిక్ ముందు తుప్పు వదిలే నూనె కొట్టి నాననిస్తాడు. ఒక సైజు చిన్న సాకెట్‌ని సుత్తితో దిగగొట్టి, దానికి పొడుగు రాడ్ తగిలించి, ఒంటి బరువంతా వేసి తిప్పుతాడు. అదీ కుదరకపోతే అరిగిన నట్టు మీద ఇంకో నట్టు పెట్టి వెల్డింగ్ చేస్తాడు. ఆ వేడికి లోపలి పట్టు వదులుతుంది, పైన పానాకి కొత్త మూలలు దొరుకుతాయి, రెండు పనులూ ఒకేసారి. ఆఖరికి ఉలి. అంచున పెట్టి, తిరగాల్సిన వైపుకి దెబ్బ మీద దెబ్బ. వీటన్నిటికీ కావల్సింది ఒక్కటే. తీరిక. ఈ పిట్ లేన్‌లో లేనిది కూడా అదే.

ఉన్నా లాభం లేదు. ఈ నట్టుకి పట్టుకోవడానికి ఆరు మూలలు లేవు. చక్రం నడుమ లోపలికి దిగి ఉంటుంది. చుట్టూ లక్షల ఖరీదు చేసే చక్రం, వెనక కార్బన్ బ్రేకులు, నడుమ ఇరుసు. సుత్తి దెబ్బ తగిలితే ఏది చిట్లుతుందో చెప్పలేం. వెల్డింగ్ నిప్పు సంగతి సరేసరి. పైగా పరుగులో చక్రం ఊడిపోకుండా నట్టుకి కాపలాగా ఓ తాళం ఏర్పాటు కూడా ఉంటుంది. 

అలాగని పాత టైరుతోనే పంపేయొచ్చు కదా అనిపిస్తుంది. మూడు కొత్త టైర్లు, ఒకటి పాతది. ఆ పాత చక్రం నట్టు ఎంత వదులైందో, ఎంత చెక్కుకుపోయిందో ఎవరికీ తెలీదు. మొనాకో సొరంగంలో గంటకి 250 కిలోమీటర్లు దాటిన వేగంలో ముందు చక్రం ఊడితే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు. 2013లో జర్మనీలో పిట్ లేన్‌లోనే ఒక కారు నుంచి చక్రం ఊడి, దొర్లుకుంటూ వెళ్లి ఒక కెమెరామన్‌ని పడగొట్టింది. బిగించని నట్టుతో కారు వదలకూడదు. నిర్ణయానికి ఎంతోసేపు పట్టలేదు.

జాకీలు దిగాయి. గన్‌ల మోత ఆగింది. ఇరవై మందీ కలిసి కారుని గ్యారేజీలోకి నెట్టారు. ఇంజిన్ బాగానే ఉంది. గేర్‌బాక్స్ బాగానే ఉంది. గోడ తగల్లేదు. బొటాస్ ఏ మలుపులోనూ తప్పు చెయ్యలేదు. రెండో స్థానంలో పరుగెడుతున్న కారు, ఒక్క నట్టు ఊడనందుకు, 78 చుట్లలో 30వ చుట్టులోనే ఆగిపోయింది. బొటాస్ బెల్టులు విప్పుకుని బయటికొచ్చాడు. ముందు కుడి చక్రం అలాగే ఉంది.

బయట రేసు సాగింది. బొటాస్ వదిలిన ఖాళీలోకి ఒక్కొక్కరూ ఒక మెట్టు ఎక్కారు. సైన్జ్ రెండుకి, నోరిస్ మూడుకి. వెర్‌స్టాపెన్‌ని ఎవరూ అందుకోలేదు. మొనాకోలో అంతవరకూ ఒక్కసారి కూడా పోడియం ఎక్కనివాడు, ఏకంగా గెలిచాడు. నాలుగో స్థానం సెర్జియో పెరెజ్, అయిదు సెబాస్టియన్ వెటెల్, ఆరు పియరీ గాస్లీ. హామిల్టన్ మొదలెట్టిన చోటే ముగించాడు, ఏడో స్థానం. చివర్లో కొత్త టైర్లు వేసుకుని అత్యంత వేగవంతమైన చుట్టు తిరిగి ఒక పాయింటు ఏరుకున్నాడు. సాయంత్రం పాయింట్ల పట్టిక మారింది. వెర్‌స్టాపెన్ 105, హామిల్టన్ 101. జట్లలో రెడ్ బుల్ 149, మెర్సిడెస్ 148. ఏడేళ్లు వరసగా ఏలిన జట్టు ఒక్క పాయింటు తేడాతో కిందికి దిగింది. బొటాస్ మూడో స్థానం నుంచి నాలుగుకి జారాడు. ఇవన్నీ టీవీల్లో చూపించారు. గ్యారేజీ తెర వెనక ఇంకో పోరాటం నడుస్తోంది.

చక్రం రాలేదు. ఇప్పుడు పక్కన స్టాప్‌వాచ్ లేదు, జాకీ మీద డ్రైవర్ లేడు, తొందర లేదు. అయినా రాలేదు. విలేకరులతో మాట్లాడేసరికి కూడా జట్టు అధిపతి టోటో వోల్ఫ్ దగ్గర అదే జవాబు. చక్రం ఇంకా కారుకే ఉంది. బొటాస్ ఆగాల్సిన చోటుకంటే కాస్త ముందే ఆగాడని, దాంతో మెకానిక్ గన్‌ని వంకరగా పెట్టాల్సి వచ్చిందని వోల్ఫ్ తర్వాత అన్నాడు. ఆ గన్ పట్టిన మనిషి తమ జట్టులో అందరికంటే వేగంగా పనిచేసేవాళ్లలో ఒకడని కూడా ఆయనే చెప్పాడు.

ఈ రెండో మాటని మొదటి మాట పక్కన పెట్టి చదవాలి. కారు కాస్త ముందే ఆగిందంటే అది డ్రైవర్లందరికీ జరిగేదే. వేగమైన చెయ్యి గన్‌ని ఇంకో అర సెకను ఆపి, సర్ది, నిటారుగా పెట్టి నొక్కితే అది పాఠ్యపుస్తకం. కానీ ఆ చెయ్యి వేగమైనదనే కదా అక్కడ కూర్చోబెట్టారు. అర సెకను ఆగేవాణ్ని ఏ జట్టూ గన్ దగ్గర ఉంచుకోదు. తప్పు మనిషిదా, గీతదా అని తవ్వడం కంటే, ఒక్క సెకను కోసం నట్టుని అంత పల్చగా, గన్‌ని అంత కర్కశంగా చేసుకున్న పందెంలోనే అది ఉందని ఒప్పుకోవడం న్యాయం. ఆ పందెం వందల సార్లు గెలిచింది. ఈసారి ఓడింది.

ఆదివారం రాత్రి గ్యారేజీలు విప్పేశారు. మొనాకో సోమవారానికల్లా మళ్లీ మామూలు ఊరైపోవాలి. కంచెలు తియ్యాలి, బస్సులు తిరగాలి. మెర్సిడెస్ సామాను లారీలకెక్కింది. ఇంగ్లండ్‌లో, నార్తాంప్టన్‌షైర్ జిల్లాలోని బ్రాక్లీలో వాళ్ల ఫ్యాక్టరీ. ఫ్రాన్స్‌ని కింది నుంచి పై దాకా దాటి, సముద్రం దాటి వెళ్లాలి. బొటాస్ కారు కూడా బయల్దేరింది, ఊడని చక్రంతో. అక్కడ ఏం చెయ్యాల్సి ఉంటుందో ఆలిసన్ ముందే చెప్పాడు. చేతిలో ఇమిడే చిన్న కటింగ్ మిషన్, డ్రెమెల్ అంటారు, దాన్ని పట్టుకుని నట్టులో మిగిలిన ముక్కని ఓపిగ్గా, కొద్దికొద్దిగా కోసుకుంటూ పోవాలి. బలంతో పోయినదాన్ని ఇక బలంతో తేలేరు.

ఆ కోత ఎంత సున్నితమో ఊహించుకోవచ్చు. నట్టు పోతే పోనీ, దానికి విలువ లేదు. దాని కింద ఇరుసు మరలున్నాయి. బ్లేడు ఒక్క వెంట్రుక లోతుకి దిగినా మర తెగుతుంది. అప్పుడు చక్రంతోపాటు దాని వెనకున్నదంతా మార్చాలి. లోహపు రజను బ్రేకుల్లోకి రాలకూడదు. వేడెక్కితే ఆగాలి, చల్లారాక మళ్లీ మొదలెట్టాలి. పిట్ లేన్‌లో రెండు సెకన్లలో అయిపోవాల్సిన పనికి ఫ్యాక్టరీలో ఎవరూ గడియారం పెట్టలేదు.

కానీ జనం పెట్టారు. ఆదివారం మధ్యాహ్నం మూడూ నలభై ప్రాంతంలో మొదలైన ఆ పిట్ స్టాప్ ఇంకా నడుస్తూనే ఉందని ఫార్ములా వన్ అభిమానులు లెక్కలు కడుతున్నారు. సోమవారం గడిచింది. చక్రం కదిలిందన్న కబురు రాలేదు.

మంగళవారం, మే 25. బ్రాక్లీ ఫ్యాక్టరీ నుంచి మెర్సిడెస్ ఒక చిన్న వీడియో వదిలింది. ముందు కుడి చక్రం ఊడి చేతికొచ్చింది. దాదాపు 43 గంటలు. వేగానికి కొలమానంగా పెట్టుకున్న పోటీలో, బహుశా ఇంతకంటే నెమ్మదైన టైరు మార్పిడి ఇంకోటి లేదు.

ఈ కథలో ఒక లెక్క మిగిలింది. ఆ మధ్యాహ్నం బొటాస్ పోవడంతో అతని వెనకున్న ప్రతివాడూ ఒక్కో స్థానం పైకి జరిగాడు. వాళ్లలో అతని జట్టువాడే అయిన హామిల్టన్ కూడా ఉన్నాడు. ఎనిమిదో స్థానానికి నాలుగు పాయింట్లు, ఏడో స్థానానికి ఆరు. అంటే ఆ నట్టు ఊడనందుకు హామిల్టన్‌కి రెండు పాయింట్లు అదనంగా వచ్చాయి. బొటాస్ ఏడాది చివర మెర్సిడెస్ వదిలి ఆల్ఫా రోమియో జట్టుకి వెళ్లిపోయాడు, అతని కుర్చీలోకి రసెల్ వచ్చాడు. జట్ల కిరీటం మాత్రం చివరికి మెర్సిడెస్‌కే దక్కింది. డ్రైవర్ల కిరీటం కోసం 2021 డిసెంబరు 12న అబూదబీలో ఆఖరి రేసుకి నిలబడ్డప్పుడు హామిల్టన్, వెర్‌స్టాపెన్ ఇద్దరి పాయింట్లూ సరిసమానం. చెరో 369.5.